కుడి పక్క

కర్నూలు పెద్దాసుపత్రి, ఎక్స్‌రే గది, అరవై రెండో టోకెను.
ఉరుకుందప్ప, నలభై ఒకటి, ఊరు కోసిగి,
ఆదోని జిన్నింగు మిల్లులో బేళ్లు మోసే పని.
దగ్గు ఎప్పటినుంచి?
"పుట్టినకాణ్ణుంచే మేడం" అన్నాడు.
అందరూ అట్లాగే అంటారు.
మూడేళ్లు అని రాసుకున్నాను.

ఊపిరి బిగబట్టు.
వదులు.
తెర మీద గుండె
కుడివైపుకు మొన తిప్పుకొని కూర్చుంది.

నన్ను నేనే తిట్టుకున్నాను.
పదకొండేళ్ల సర్వీసులో సీసపు ఎల్ ముక్కను
తప్పు భుజం దగ్గర పెట్టింది ఒక్కసారే,
అదీ మా నాన్న పోయిన వారం.
మళ్లీ నిలబెట్టాను, మళ్లీ తీశాను.
మళ్లీ అదే.
అద్దంలోని మనిషి బయటికొచ్చి నిలబడ్డట్టు
గుండె అటు, కడుపులో గాలిబుడగ అటు,
కాలేయం ఇటు.

తలుపు దగ్గర చెప్పులు విడిచి
కొంగు బిగించి నిలబడ్డ సుంకులమ్మ
తెరను కాదు, నా మొహాన్ని చూస్తోంది.
"గుండె కుడిపక్కుంది, నీకు తెలుసా?"
"ఎరికే గదా. ఆ పక్క పండుకుంటేనే ఇనపడేది.
మొగోల్లందరికీ అంతేనేమో అనుకుంటి."

సాయంత్రం డాక్టర్ తస్నీం
చల్లారిన టీ పక్కన పెట్టి
ఫిల్ము కవరు వెనక పెన్సిలుతో గీసి చెప్పింది.

మూడో వారం.
నెల తప్పుతుందని తల్లికే ఇంకా తెలీదు.
కొర్రగింజంత కూడా లేని బిడ్డకు
తల ఎటో తెలుసు, వీపు ఎటో తెలుసు,
కుడి ఎడమలే తెలీవు.
నడుమ చిన్న గుంట. గుంట నిండా నూగు.
నూగు గిరగిరా ఒకే వాటంగా తిరుగుతుంది,
తడి ఎడమకు జరుగుతుంది.
కేసీ కాలువకు నీళ్లొదిలినట్టు
ఎడమ గట్టున పడుకున్న ఒక జన్యువు
తడి తగిలి లేస్తుంది,
లేచి పక్కదాన్ని తట్టిలేపుతుంది.
అప్పటికిగానీ గుండెగొట్టానికి తెలీదు
తను ఎటు ఒంగాలో.

నూగు తిరక్కపోతే?

తిరక్కపోతే నీళ్లు నిలబడిపోతాయి.
బొమ్మో బొరుసో.
సగంమందికి మనలాగే, సగంమందికి ఇతనిలాగ.

ఆ నూగే ఊపిరిగొట్టాల్లో చీపురు.
ఇతని చీపురు ఒక్కరోజూ ఊడవలేదు.
పాపం, పత్తి దుమ్ముకే చెడ్డపేరు.

పెన్సిలు అక్కడ ఆగింది.
"పిల్లల్లేరన్నారు కదూ?"
లేరు. పద్దెనిమిదేళ్లు.
"ఈదాల్సిన వాటి తోకలు కూడా
ఆ దారంతో పేనినవే."

నేనేం మాట్లాడలేదు.
వరండాలో అత్త మల్లమ్మ పొద్దున్నే చెప్పింది నాకు,
అడక్కుండానే, పేరుపేరునా:
కోడల్ని ఏయే గుడి చుట్టూ
తడిబట్టలతో తిప్పిందో,
ఏయే పసరు తాగించిందో,
రెండో సంబంధం ఎంతదాకా వచ్చి తప్పిపోయిందో.
మల్లమ్మ మొగుడు ఆమెకు సొంత మేనమామ.
ఒకే ఇంటి తప్పక్షరం
రెండు చేతులమీదుగా నడిచొచ్చి
కొడుకులో కలుసుకుంది.
ఎవరూ కావాలని రాసింది కాదు.

మర్నాడు డాక్టరమ్మ ఇద్దర్నీ కూర్చోబెట్టి చెప్పింది.
అత్తను బయటే ఉండమంది.
ఉరుకుందప్ప భుజం మీది తువ్వాలు తీసి
మడిచాడు, విప్పాడు, మళ్లీ మడిచాడు.
సుంకులమ్మ చాలాసేపు
గోడమీది గర్భం బొమ్మను చూసింది.
ఏడుస్తుందనుకున్నాం.
"పద్దెనిమిదేండ్లు" అంది, ఎవరితోనో అన్నట్టు.
తర్వాత అతని వీపు మీద చెయ్యేసి
"ఈ దగ్గుకు మందుందా మేడం?" అని అడిగింది.

వాళ్లు ఆదోని బస్సుకు పోయాక
నేను రిజిస్టరు తెరిచి
మూడేళ్లు కొట్టేశాను.
పుట్టినప్పటినుంచి, అని రాయబోతే
గడి చాల్లేదు.
అక్షరాలు గీత దాటి
పక్క మనిషి గడిలోకి పోయాయి.